స్లాబ్ డబ్బు ఆగిన పదకొండు రోజులు: ఆంక్షల జాబితాతో పేరు కలిసిన ఒక వరంగల్ కేసు

నేను ఇరవై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేశాను. అందులో చివరి ఎనిమిదేళ్లు కేవైసీ, మనీలాండరింగ్ అలర్టులు చూసే డెస్కులోనే గడిచాయి. ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. గల్ఫ్‌లో మనుషులున్న కుటుంబాలు బ్యాంకు కాగితాల్లో చిక్కుపడితే వెళ్లి చూస్తుంటాను. ఈ కేసును ఆ కుటుంబం సరేనన్నాకే రాస్తున్నాను. వాళ్ల పేర్లు, బ్యాంకు పేరు, జాబితాలో ఎవరి పేరుతో కలిసిందన్నది చెప్పను. బ్రాంచిల్లో పనిచేసేవాళ్లూ, గల్ఫ్ కుటుంబాల వాళ్లూ ఇద్దరూ చదవాలని నా ఆశ. ఈ కేసులో తప్పు ఒక్కచోటే జరగలేదు. దిద్దుకునే దారి మాత్రం మొదటి రోజు నుంచీ ఉంది.

ఏం జరిగింది

ఇల్లు వరంగల్‌లో చార్‌బౌళి వైపు. భర్త పన్నెండేళ్లుగా ఖతర్‌లో ఏసీ మెకానిక్. భార్య, ఇద్దరు పిల్లలు, అత్తగారు ఇక్కడ. పాత రేకుల ఇల్లు తీసేసి అదే జాగాలో రెండు గదులు కడుతున్నారు. గోడలు లేచాయి, సెంట్రింగ్ కొట్టారు, ఇనుము కట్టడం అయిపోయింది. ఆదివారం స్లాబ్. సిమెంటు, కంకర, మిక్సర్, కూలీలు అన్నింటికీ ఆ ఒక్కరోజే డబ్బు చేతిలో ఉండాలి. బుధవారం ఆయన అక్కడి ఎక్స్ఛేంజ్‌కు వెళ్లి భార్య ఖాతాకు 3,60,000 రూపాయలు పంపాడు.

ఎప్పుడూ కొన్ని గంటల్లో పడే డబ్బు ఆ రోజు పడలేదు. గురువారమూ పడలేదు. శుక్రవారం ఉదయం మేస్త్రీకి అడ్వాన్సు ఇద్దామని ఆమె ఏటీఎంకు వెళ్తే ఖాతాలో ముందు నుంచీ ఉన్న 41,000 కూడా రాలేదు. బ్రాంచికి వెళ్లింది. కౌంటరులో ఉన్న ఉద్యోగి కంప్యూటర్ చూసి, "మీ ఆయన పేరు టెర్రరిస్ట్ లిస్టులో వచ్చిందమ్మా, హెడ్డాఫీసు హోల్డ్ పెట్టింది" అన్నాడు. మెల్లగా కూడా అనలేదు. వెనక లైన్లో పది పన్నెండు మంది ఉన్నారు, అందులో ఇద్దరు వాళ్ల గల్లీ వాళ్లే.

ఆ రాత్రి ఆమె తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. "సార్, మా బావ పన్నెండేండ్ల సంది అక్కడనే పని చేస్తున్నడు. ఈడ ఒక్క పోలీసు కేసు లేదు. గిదేంది సార్?" అన్నాడు. వెనక నుంచి ఎవరో ఏడుస్తున్న చప్పుడు వినిపించింది.

మర్నాడు రెండో శనివారం, బ్యాంకు సెలవు. అందుకే ముందు ఇంటికి వెళ్లాను. నేను కూర్చోగానే పెద్దావిడ అడిగిన మొదటి మాట, "పోలీసులొస్తరా బిడ్డా?" డబ్బు ఎప్పుడొస్తుందని ఆమె అడగలేదు.

ఆ భయం ఎక్కడిదో వరంగల్‌లో పెరిగిన నాకు తెలుసు. మా తరానికి నిషేధం అనగానే గుర్తొచ్చేది 1992లో పీపుల్స్ వార్ మీద వచ్చిన నిషేధం, ఆ తర్వాతి సోదాలు, ఊళ్లలో రాత్రిపూట జీపుల చప్పుళ్లు. ఆ నిషేధం రాష్ట్రం తన చట్టంతో పెట్టింది. 2009 జూన్‌లో మావోయిస్టు పార్టీ పేరును యూఏపీఏ (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చింది కేంద్రం. రెండూ మన దేశం లోపలి నిర్ణయాలు. బ్యాంకు కంప్యూటరులో మోగిన జాబితా వేరు, అది న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి తయారుచేసేది. ఇంట్లోవాళ్లకు ఈ తేడా చెప్పడానికే నాకు ఆ రోజు పొద్దంతా పట్టింది. కానీ అది చెప్పకుండా కాగితాలు అడిగితే వాళ్లు భయంతో ఇస్తారు, అర్థమై ఇవ్వరు.

జాబితా పుట్టే తీరు

ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1999 అక్టోబరు 15న 1267 నంబరు తీర్మానం చేసింది. ఒసామా బిన్ లాడెన్‌ను అప్పగించాలని అఫ్గానిస్థాన్‌ను ఏలుతున్న తాలిబాన్ మీద ఒత్తిడి తేవడం దాని ఉద్దేశం. అప్పట్లో అది తాలిబాన్ విమానాలకు, నిధులకే పరిమితం. 2000 డిసెంబరులో 1333 తీర్మానంతో బిన్ లాడెన్, అల్ ఖైదా మనుషుల ఆస్తుల వరకు వచ్చింది. 2002 జనవరిలో 1390 తీర్మానంతో అఫ్గానిస్థాన్ హద్దు పోయింది, మనిషి ఎక్కడున్నా వర్తిస్తుందన్నారు. 2011 జూన్ 17న తాలిబాన్‌కు ఒక జాబితా, అల్ ఖైదాకు ఒక జాబితా అని విడదీశారు. 2015 డిసెంబరు 17న 2253 తీర్మానంతో ఐసిస్‌ను అల్ ఖైదా జాబితాలో కలిపారు. మామూలుగా బ్యాంకుల్లో ‘1267 లిస్టు’ అంటే ఇదే.

పేరు ఎక్కితే మూడు జరుగుతాయి. ఆస్తులు స్తంభిస్తాయి, దేశాలు దాటడం ఆగుతుంది, ఆయుధాలు అమ్మడం నిషిద్ధం. ఐక్యరాజ్యసమితి చార్టర్ (దాని మూల ఒప్పందం) 7వ అధ్యాయం కింద, 41వ అధికరణం వాడి మండలి పెట్టే ఆంక్షలివి. 25వ అధికరణం ప్రకారం సభ్యదేశాలన్నీ పాటించాలి. పాటించాం అని మాటతో చెబితే సరిపోదు, ప్రతి దేశం తన చట్టంలోకి దించుకోవాలి.

ఎవరి పేరైనా చేర్చాలంటే ఒక సభ్యదేశం ప్రతిపాదించాలి. ఎందుకు చేర్చాలో కారణాలు, ఆ మనిషిని గుర్తుపట్టే వివరాలు ఇవ్వాలి. దాన్ని మండలిలోని 15 దేశాలే సభ్యులుగా ఉన్న ఆంక్షల కమిటీ చూస్తుంది. ఓటింగు ఉండదు. పది పనిదినాల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే పేరు ఎక్కుతుంది. ఒక్క దేశం ఆపినా ఆగుతుంది. మసూద్ అజహర్ విషయంలో జరిగింది ఇదే. అతని సంస్థ జైషే మొహమ్మద్ 2001 అక్టోబరులోనే జాబితాలో ఉంది. అతని పేరు కోసం 2009లో మొదలైన ప్రయత్నం చైనా అడ్డు చెప్పడంతో పదే పదే ఆగి, పుల్వామా తర్వాత 2019 మే 1న గాని తెమల్లేదు.

ఇది చెప్పేసరికి ఇంటర్ సెకండియర్ చదివే పెద్దమ్మాయి మధ్యలో అందుకుంది. "ఒకరిని పెట్టనీకి అన్ని దేశాలు ఒప్పుకోవాల్నా అంకుల్? మరి మా నాన్నను ఎవరు ఒప్పుకుంటే పెట్టిండ్రు?"

అసలు సంగతి ఆ పిల్ల ప్రశ్నలోనే ఉంది. వాళ్ల నాన్నను ఎవరూ పెట్టలేదు. ఆ జాబితా ఎవరైనా చూడొచ్చు, దాపరికం ఏమీ లేదు. ఆమె ఫోన్లోనే తెరిపించాను. ప్రతి మనిషికీ ఒక శాశ్వత నంబరు ఉంటుంది. అల్ ఖైదా, ఐసిస్ జాబితాలో వ్యక్తులకు క్యూడీఐ అనీ, సంస్థలకు క్యూడీఈ అనీ మొదలవుతుంది. పేరు నాలుగు ముక్కలుగా, మూలలిపిలో కూడా, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, జాతీయత, పాస్‌పోర్టు నంబరు, అడ్రసు, చేర్చిన తేదీ, చివర ఇతర వివరాలు ఉంటాయి. మారుపేర్లను రెండు రకాలుగా విడగొడతారు. గట్టిగా నమ్మదగినవి ఒక వైపు, బలహీనమైనవి మరో వైపు.

వాళ్ల నాన్న పేరులోని ముక్కలతో వెతికించాను. ఒకే ఒక్కచోట కలిసింది. అదీ ఒక వ్యక్తి అసలు పేరుతో కాదు, బలహీనమైన మారుపేరుతో. ఆ అమ్మాయి ఒక్కో వరుసా పైకి చదివింది. ఆ వ్యక్తి 1960లలో పుట్టాడు. వాళ్ల నాన్న పుట్టింది 1984లో, పరకాలలో. ఆ వ్యక్తి వేరే దేశం పౌరుడు, పాస్‌పోర్టు ఆ దేశానిది. తల్లి అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి వింటోంది. వచ్చి కూర్చుని, "మళ్లొక్కసారి చదువు" అంది.

పేరులోనే ఉంది చిక్కు

బ్యాంకు పక్షాన కూడా చెప్పాలి. విదేశం నుంచి వచ్చే చెల్లింపు సందేశంలో పంపినవాడి పేరు, ఖాతా లేదా లావాదేవీ నంబరు తప్పనిసరి. వాటికి తోడు అడ్రసు, ఐడీ నంబరు, కస్టమర్ నంబరు, లేదా పుట్టిన తేదీ-ఊరు, వీటిలో ఏదో ఒకటి ఉంటే చాలు. ఆ ఎక్స్ఛేంజ్ అడ్రసు పెట్టింది. పుట్టిన తేదీ పెట్టి ఉంటే ఈ అలర్టు ఒక్క నిమిషంలో మూసేయగలిగేది. లేకపోయేసరికి సాఫ్ట్‌వేరుకు మిగిలింది పేరొక్కటే.

మన దగ్గర ముస్లిం పేర్లు కాగితాల మీద ఎన్ని రూపాలెత్తుతాయో డెస్కులో పనిచేసినవాళ్లకు తెలుసు. ఈయన పేరులో తొలి ముక్కే మూడు కాగితాల్లో మూడు రకాలు. ఆధార్‌లో ‘ఎండీ’, పాస్‌పోర్టులో ‘మొహమ్మద్’, ఖతర్ ఐడీలో అరబిక్ నుంచి తిరిగొచ్చిన ‘ముహమ్మద్’. రెండో ముక్క ఒకచోట కలిపి, ఒకచోట విడదీసి ఉంది. ఇలాంటి తేడాలున్నా దొంగ తప్పించుకోకూడదని సాఫ్ట్‌వేరు అక్షరాలు అటూ ఇటూ అయినా పట్టుకునేలా తయారుచేస్తారు. అది సబబే. కానీ అది చెప్పేది ‘ఈ పేరు ఆ పేరులా ఉంది’ అని మాత్రమే. ‘ఈ మనిషే ఆ మనిషి’ అని తేల్చాల్సింది కాగితాలు ముందు పెట్టుకుని కూర్చునే మనిషి. జాబితాలో చేర్చింది ఒక మనిషిని. ఆ పేరున్న ప్రతివాళ్లనూ కాదు. నా ఎనిమిదేళ్ల అనుభవంలో నా దగ్గరికి వచ్చిన పేరు అలర్టుల్లో చాలా పెద్ద భాగం ఇలా మనిషి వేరని తేలి మూసేసినవే. వాటిలో కొన్నిటిని నేనూ రెండు ముక్కల రిమార్కుతో మూశాను, ఎందుకు మూశానో వివరంగా రాయలేదు. రాసి ఉంటే తర్వాత వచ్చినవాళ్లకు పని తగ్గేది. ఆ కుటుంబం ముందు కూర్చున్నప్పుడు అది గుర్తొచ్చి బాధేసింది.

మన దేశంలో దారి

యూఏపీఏ చట్టంలో 51ఏ సెక్షన్ 2008 సవరణతో వచ్చింది. జాబితాలోని వాళ్ల నిధులు, ఆస్తులు స్తంభింపజేసే అధికారం అది కేంద్ర ప్రభుత్వానికి ఇస్తుంది. దాన్ని అమలు చేసే పద్ధతిని కేంద్ర హోంశాఖ 2009 ఆగస్టు 27న ఉత్తర్వుగా ఇచ్చింది, 2021 ఫిబ్రవరి 2న సవరించింది. ఆర్బీఐ 2016 ఫిబ్రవరి 25న ఇచ్చిన కేవైసీ మాస్టర్ డైరెక్షన్ ఆ ఉత్తర్వును బ్యాంకుల మెడకు కట్టింది. ప్రతిరోజూ జాబితా సరిచూసుకోవాలి. వివరాలు కలిస్తే 24 గంటల్లో హోంశాఖలోని నోడల్ అధికారికి, రాష్ట్ర నోడల్ అధికారికి, ఆర్బీఐకి, అనుమానాస్పద లావాదేవీలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఐయూకి తెలియజేయాలి. ఆ మనిషే అని సందేహం లేకుండా తేలితే లావాదేవీ ఆపాలి. ఆ తర్వాత పోలీసులో, కేంద్ర సంస్థలో విచారిస్తాయి. అవునని తేలితే 51ఏ కింద స్తంభన ఉత్తర్వు వస్తుంది. దానికి ముందస్తు నోటీసు ఉండదు.

ఈ వరుసను కొంచెం ఓపిగ్గా చదవాలి. ముందు వివరాలు పోల్చడం, తర్వాత తెలియజేయడం, ఆ తర్వాత విచారణ, చివర ఉత్తర్వు. మన కేసులో మొదటి మెట్టు ఎక్కకుండానే చివరి మెట్టు మీద ఉన్నట్టు ప్రవర్తించారు.

సోమవారం ఆమెతోనూ, తమ్ముడితోనూ బ్రాంచికి వెళ్లాను. మేనేజరు నాలుగు నెలల కింద బదిలీ మీద వచ్చిన మనిషి. కూర్చోబెట్టి మాట్లాడాడు. "సార్, మీకు తెలియంది కాదు. నేను రిలీజ్ చేసి రేపు ఏమన్నా అయితే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు. ఆ టెన్షన్ నాకు తెలుసు, అందులో అబద్ధం లేదు. అలర్టు తెర బయటివాళ్లకు చూపించకూడదు, నేనూ అడగలేదు. మూడే అడిగాను. ఏ జాబితా, ఏ నంబరుతో కలిసింది? పుట్టిన తేదీ, పాస్‌పోర్టు పక్కన పెట్టి పోల్చిందెవరు? 51ఏ కింద ఉత్తర్వు ఏదైనా వచ్చిందా?

జాబితా పేరు చెప్పాడు. నేను ఇంట్లో చూసిన ఎంట్రీయే. రెండోదానికి జవాబు లేదు. హెడ్డాఫీసులో అలర్టులు చూసే సెంట్రల్ టీమ్ బ్రాంచిని కాగితాలు అడిగింది, బ్రాంచి ఖాతాదారును అడగలేదు. అడిగినట్టు వాళ్లు, పంపుతారులే అని వీళ్లు, నాలుగు రోజులు అలా గడిచాయి. మూడోదానికి, "ఉత్తర్వు ఏం రాలేదు సార్" అన్నాడు. మరి ఆమె ఖాతాలో పాత 41,000 ఎందుకు ఆగిందని అడిగాను. సెంట్రల్ టీమ్ ఆపమన్నది వచ్చిన చెల్లింపును మాత్రమే. ఎందుకైనా మంచిదని బ్రాంచిలో ఎవరో ఆమె ఖాతాకు డబ్బు తీయడానికి వీల్లేకుండా డెబిట్ ఫ్రీజ్ పెట్టారు.

నిజంగా అదే మనిషి అయితే భార్య ఖాతా కూడా విచారణలోకి వస్తుంది. ఆంక్షలు అతని చేతికింద నడిచే డబ్బుకీ వర్తిస్తాయి. అది నేను కాదనను. కానీ ఆ నిర్ణయం విచారణ తర్వాతిది. ఇంకో మాట మేనేజరుకు చెప్పాను. 2002 డిసెంబరులో వచ్చిన 1452 తీర్మానం ప్రకారం నిజంగా జాబితాలో ఉన్నవాడికైనా తిండి, అద్దె, మందులు, పన్నుల ఖర్చు కోసం ఆగిన డబ్బులోంచి కొంత విడిపించుకునే వీలుంది. దేశం ఆ సంగతి కమిటీకి తెలియజేస్తుంది. జాబితాలో ఉన్నవాళ్లకే ఇంత దారి పెట్టినప్పుడు, ఏ జాబితాలోనూ లేని ఆడమనిషి బియ్యం కొనుక్కోలేని స్థితి ఎలా వచ్చింది? అతను కాసేపు మాట్లాడలేదు. డెబిట్ ఫ్రీజ్ ఆ సాయంత్రమే తీసేశాడు.

పెట్టిన కాగితం

చెల్లింపు విడిపించడానికి రెండు పేజీల దరఖాస్తు రాశాను. పొరపాటున ఆస్తి స్తంభించిందని ఎవరైనా ఆధారాలతో రాసిస్తే, బ్యాంకు రెండు పనిదినాల్లో దాన్ని నోడల్ అధికారికి పంపాలని హోంశాఖ ఉత్తర్వులోనే ఉంది. ఇక్కడ స్తంభన ఉత్తర్వు లేదు కాబట్టి అది నేరుగా వర్తించదు. అయినా ఆ గడువును ప్రస్తావించాను. ఉత్తర్వు ఉన్న కేసుకే రెండు రోజులైతే, లేని కేసుకు అంతకన్నా ఎక్కువ పట్టకూడదు కదా.

దరఖాస్తుకు ఒక పోలిక పట్టిక జతచేశాను. ఎడమవైపు జాబితా ఎంట్రీలోని ప్రతి వరుస, కుడివైపు మన మనిషి వివరం, దాని పక్కన రుజువు. పుట్టిన తేదీకి టెన్త్ మెమో పెట్టాను. ఆధార్ కన్నా దాని బరువు ఎక్కువ, ఎందుకంటే ఎప్పుడో 2000 సంవత్సరంలో, గల్ఫ్ ఆలోచనే లేని రోజుల్లో బోర్డు ఇచ్చిన కాగితం అది. పాస్‌పోర్టులో పాతదీ కొత్తదీ రెండూ పెట్టాను. ఖతర్ ఐడీ, కంపెనీ జీతం సర్టిఫికెట్, పన్నెండేళ్లలో ఇదే ఖాతాకు ఇదే మనిషి పంపిన డబ్బు వివరాలకు బ్యాంకు స్టేట్‌మెంటే. పేరు మూడు రకాలుగా ఎందుకుందో ఒక పేరాలో రాశాను. కలిసింది బలహీనమైన మారుపేరుతోనని ఎంట్రీ నంబరుతో సహా చూపించాను. ‘ఇది ఆ మనిషి కాదని తేలితే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వండి’ అని చివరి వాక్యం. రెండో ప్రతి మీద ముద్ర వేయించుకుని తేదీ, సంతకం తీసుకున్నాం.

మంగళవారం బ్రాంచి వాటిని పైకి పంపింది. బుధవారం సెంట్రల్ టీమ్ ఖతర్ ఐడీ వెనక వైపు కూడా కావాలంది. గురువారం వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చెల్లదంది, ఈమెయిల్‌లో స్కాన్ పంపించాం. శుక్రవారం అక్కడి ఎక్స్ఛేంజ్ పుట్టిన తేదీ ధ్రువీకరిస్తూ జవాబిచ్చింది. శనివారం మధ్యాహ్నం డబ్బు పడింది. పదకొండో రోజు.

ఆ మధ్యలో ఆదివారం స్లాబ్ పోయింది. సెంట్రింగ్ డబ్బాలకు రోజు కిరాయి మీద పడుతూనే ఉంది. "డబ్బాలు ఊకనే ఉంటే నాకు గిట్టదమ్మా, ఇంకో సైటుకు తీస్కపోవాలె" అని మేస్త్రీ రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్లాడు. వాన పడితే కట్టిన ఇనుము తుప్పు పడుతుందని పెద్దావిడ రోజూ ఆకాశం చూసేది. బ్యాంకు మీద ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేద్దామని తమ్ముడు అన్నాడు. అప్పుడున్న 2021 స్కీము ప్రకారం ముందు బ్యాంకుకు రాసి 30 రోజులు చూడాలి. స్లాబుకు 30 రోజులు ఎవరు ఆగుతారు?

గురువారం రాత్రి విసిగిపోయి అతనే, "సార్, గిట్లయితే హుండీల పంపుడే నయం. రెండు గంటల్ల ఇంటికి తెచ్చిస్తరు" అన్నాడు. నాకు కోపం రాలేదు గాని భయమేసింది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు హుండీ సంగతి, అంటే బ్యాంకు లేకుండా చేతుల మీదుగా డబ్బు పంపే దారి, అందరికీ తెలిసిందే. ఎవరి డబ్బు ఎటు పోతోందో కనబడాలనే ఈ ఆంక్షలన్నీ. పేరు కలిసిన నిజాయితీపరుణ్ణి పదకొండు రోజులు ఆపితే అతను ఆ కనబడని దారికే పోతాడు. అలా పోయిన డబ్బు మీద ఐక్యరాజ్యసమితికీ కన్నుండదు, మన ఎఫ్ఐయూకీ ఉండదు. అందుకే అలర్టు త్వరగా మూయడం ఆంక్షల పనికి అడ్డం అనుకోవద్దని నేను బ్రాంచిల్లో పదే పదే చెబుతాను. ఆ పనిలో అదీ ఒక భాగమే.

నిజంగానే పేరు ఎక్కితే

జాబితా చేసేవాళ్లు కూడా తప్పుల నుంచే నేర్చుకున్నారు. 2001 నవంబరులో సోమాలియా వాళ్లు విదేశాల నుంచి ఇళ్లకు డబ్బు పంపుకునే అల్ బరకాత్ వ్యవస్థ జాబితాలోకి వెళ్లింది. దాంతో ఆ డబ్బు మీద బతికే కుటుంబాలకు దారి మూసుకుపోయింది. స్వీడన్‌లో స్థిరపడిన ముగ్గురు సోమాలీల పేర్లు కూడా ఎక్కాయి. ఇద్దరిని 2002 ఆగస్టులో తీసేశారు, మూడో ఆయనకు 2006 వరకు పట్టింది. అప్పట్లో తన మీద ఆరోపణ ఏమిటో తెలుసుకునే వీలు కూడా మనిషికి లేదు. సౌదీ వ్యాపారి యాసిన్ కాదీ కేసులో యూరప్ న్యాయస్థానం 2008 సెప్టెంబరు 3న, వినిపించుకునే అవకాశం ఇవ్వకుండా ఆస్తి స్తంభింపజేయడం చెల్లదంది. ఆ ఒత్తిడి పనిచేసింది. 2009 డిసెంబరులో 1904 తీర్మానంతో అంబుడ్స్‌పర్సన్ పదవి వచ్చింది. కెనడాకు చెందిన న్యాయమూర్తి కింబర్లీ ప్రోస్ట్ మొదట ఆ కుర్చీలో కూర్చున్నారు. తీసేయమని అడిగినవాళ్ల మాట విని, దేశాల నుంచి సమాచారం తెప్పించి, కమిటీకి సిఫారసు చేస్తారు. తీసేయమని సిఫారసు చేస్తే, ఉంచాలని 15 దేశాలూ ఏకమై చెబితేనో, ఎవరైనా మండలికి నివేదిస్తేనో తప్ప, 60 రోజుల్లో పేరు పోతుంది. ఎక్కించడానికి ఎంత ఏకాభిప్రాయం కావాలో, అప్పుడు ఉంచడానికీ అంతే కావాలి. ఇది అల్ ఖైదా, ఐసిస్ జాబితాకే ఉంది. మిగతా ఆంక్షల్లో పడినవాళ్లకు 2006లో పెట్టిన ఫోకల్ పాయింట్, అంటే ఐక్యరాజ్యసమితిలో విన్నపాలు తీసుకునే చోటు, ఒక్కటే దిక్కు. అందరికీ అంబుడ్స్‌పర్సన్ ఎందుకు లేరన్నది నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

పర్యవేక్షణకు 2004 నుంచి మానిటరింగ్ టీమ్ అనే నిపుణుల బృందం ఉంది. దేశాలు ఎలా అమలు చేస్తున్నాయో చూసి కమిటీకి నివేదికలిస్తుంది. మాలాంటి వాళ్లకు ఆ పనిలో ముఖ్యమైనది పేర్ల సమీక్ష. 2008లో 1822 తీర్మానం ప్రకారం అప్పటికి ఉన్న 488 పేర్లనూ తిరగేసి 45 తీసేశారు. వాటిలో చనిపోయినవాళ్ల పేర్లూ ఉన్నాయి. గుర్తుపట్టే వివరాలు చాలని ఎంట్రీలను ఇప్పటికీ సమీక్షించాలి. ఆ సమీక్షలో ఒక ఎంట్రీకి పుట్టిన తేదీ చేరితే, ఎక్కడో వరంగల్‌లో ఒక ఖాతా ఆగకుండా ఉంటుంది.

పేరు కలిసి పొరపాటుగా ఇబ్బంది పడినవాళ్లు కూడా ఫోకల్ పాయింట్‌కు రాసుకోవచ్చని మండలి తర్వాతి తీర్మానంలో చెప్పింది. శనివారం డబ్బు పడకపోయి ఉంటే సోమవారం ఆ ఉత్తరం రాద్దామనే అనుకున్నాను.

తర్వాత

స్లాబ్ మంగళవారం పడింది. నేనూ వెళ్లాను. ఆయన ఖతర్ నుంచి వీడియో కాల్‌లో మిక్సర్ తిరుగుతుంటే చూస్తూ ఉన్నాడు.

రాతపూర్వక జవాబు మూడు వారాలకు వచ్చింది. నాలుగు వాక్యాలు. ఫలానా తేదీ చెల్లింపు జాబితాతో ‘తప్పుగా కలిసిన’ కారణంగా నిలిచిందని, గుర్తింపు వివరాలు వేరని తేలిందని ఉంది. ఆమె దాన్ని టెన్త్ మెమో ఉన్న ప్లాస్టిక్ కవర్లోనే పెట్టింది. బ్యాంకు ఆయన పేరును ‘సరిచూసినవి’లో నమోదు చేసింది. అయితే జాబితా ఎంట్రీ ఏమాత్రం సవరించినా ఆ నమోదు మళ్లీ తెరుచుకుంటుంది, తెరుచుకోవాలి కూడా.

అన్నట్టే నాలుగు నెలలకు మళ్లీ అలర్టు వచ్చింది. ఈసారి మేనేజరు ఆమెను లోపలికి పిలిచి, తలుపు దగ్గరకు వేసి చెప్పాడట. పాత పట్టిక, పాత జవాబు ఫైల్లోనే ఉన్నాయి. పొద్దున ఆగిన డబ్బు సాయంత్రం నాలుగుకు పడింది.

కౌంటరులో ఆ రోజు అందరి ముందూ అన్న మాట గురించి విడిగా ఒక ఉత్తరం రాశాం. దానికి మాత్రం ఇంకా జవాబు రాలేదు. గల్లీలో ఒకరిద్దరు ఇప్పటికీ అడుగుతుంటారని, అలా అడిగినప్పుడు కవరు తీసి చూపిస్తున్నానని ఆమె మొన్న చెప్పింది.